ఇంట రాజరికం, వీధిలో గణతంత్రం: ఆంద్రే లెయో నవలలు, పత్రికారచన

పంతొమ్మిదవ శతాబ్దపు ఫ్రాన్సులో రచయిత్రులు మగపేర్లతో రాయడం వింత కాదు. జార్జ్ సాండ్, డేనియల్ స్టెర్న్ ఇద్దరూ స్త్రీలే. విక్త్వార్ లెయోదీల్ బెరా (1824–1900) ఎంచుకున్న కలంపేరుకు మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. 1853లో ఆమెకు కవలలు పుట్టారు. ఒకరు ఆంద్రే, మరొకరు లెయో. ఆ రెండు పేర్లనూ జోడించుకుని ఆమె ఆంద్రే లెయో అయింది. బిడ్డలకు తండ్రి ఇంటిపేరే సంక్రమించే సమాజంలో ఒక తల్లి బిడ్డల పేర్లను తన పేరుగా చేసుకుంది.

ఆ పేరుతో ఆమె నవలలు, కథలు, రాజకీయ వ్యాసాలు, వార్తాకథనాలు విరివిగా రాసింది. అయినా ఆమెకు దక్కిన కీర్తి తక్కువ. సాహిత్య చరిత్రకారులు ఆమెను 1871 నాటి పారిస్ కమ్యూన్ విప్లవకారిణిగా లెక్కవేసి రాజకీయ చరిత్రకు అప్పగించారు. రాజకీయ చరిత్రకారులు కమ్యూన్ రోజుల్లో ఆమె రాసిన నాలుగైదు వ్యాసాలను ఉదహరించి, నవలల జోలికి పోకుండా వదిలేశారు. ఈ పంపకంలో ఆమె రెండుచోట్లా సగం మనిషిగానే మిగిలింది. నిజానికి నవలలోనైనా పత్రికలోనైనా ఆమె పదేపదే అడిగిన ప్రశ్న ఒకటే: ఇంట్లో రాజరికాన్ని అట్టేపెట్టుకుని దేశంలో గణతంత్రాన్ని నిలబెట్టడం సాధ్యమా? ఈ ప్రశ్న వెంట నడిస్తే తప్ప ఆమె రచనలు ఒకదానికొకటి ఎలా అతుకుతాయో తెలియదు.

చట్టం కట్టిన ఇల్లు

ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో తెలియాలంటే అప్పటి చట్టాన్ని చూడాలి. 1804లో నెపోలియన్ ప్రకటించిన పౌరస్మృతి 213వ అధికరణం ప్రకారం భార్యను రక్షించడం భర్త బాధ్యత, భర్తకు విధేయురాలై ఉండడం భార్య బాధ్యత. భర్త అనుమతి లేకుండా ఆమె ఆస్తి అమ్మలేదు, కోర్టుకు ఎక్కలేదు. విప్లవం 1792లో తెచ్చిన విడాకుల హక్కును తిరిగివచ్చిన రాజరికం 1816లో రద్దుచేసింది. 1884 దాకా అది మళ్ళీ రాలేదు. 1848 విప్లవం 'సార్వత్రిక' ఓటుహక్కు ఇచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ సర్వంలో స్త్రీలు లేరు. ఫ్రెంచి స్త్రీలకు ఓటుహక్కు 1944లో వచ్చింది. విధేయత అనే మాట చట్టంలోంచి పోవడానికి 1938 దాకా పట్టింది.

ఆంద్రే లెయో పుట్టింది పశ్చిమ ఫ్రాన్సులోని పువాతూ ప్రాంతంలో, లూసిన్యాఁ అనే చిన్న పట్టణంలో. తండ్రి నోటరీగా, ఆ తరవాత స్థానిక న్యాయాధికారిగా పనిచేశాడు. ఫ్రెంచి గ్రామసీమల్లో నోటరీ అంటే దస్తావేజులు రాసే గుమాస్తా కాడు. పెళ్ళి ఒప్పందాలు, కట్నాలు, వీలునామాలు, పొలాల పంపకాలు అన్నీ అతని చేతిమీదుగానే నడిచేవి. ప్రేమ, పరువు, బంధుత్వం అనే పెద్ద మాటల వెనక ఎన్ని అంకెలుంటాయో చూసే అవకాశం అలాంటి ఇంట్లో పెరిగినవారికి సహజంగా దొరుకుతుంది. ఆమె నవలల్లో బలమైన భాగాలన్నీ ఈ అంకెల చుట్టూ అల్లుకున్నవే.

1851లో ఆమె లొజాన్‌లో గ్రెగ్వార్ షాంసేను పెళ్ళాడింది. అతను సోషలిస్టు పాత్రికేయుడు, పియెర్ లెరూ అనుయాయి. 1848 విప్లవం అణగారిపోయాక స్విట్జర్లండుకు ప్రవాసం వెళ్ళినవాడు. 1859 నాటి క్షమాభిక్ష తరవాత ఆ కుటుంబం పారిస్ చేరింది. 1863 చివరలో అతను చనిపోయాడు. పదేళ్ళ వయసున్న ఇద్దరు కొడుకులతో ఆమె కలం మీద బతకవలసి వచ్చింది.

పరువు ఖరీదు

ఆమెకు పేరు తెచ్చిన నవల 1862లో వచ్చింది. దాని పేరును తెలుగులో 'పరువు తీసిన పెళ్ళి' అనుకోవచ్చు. కథ పువాతూ పల్లెలో జరుగుతుంది. ఆస్తి కరిగిపోయినా దర్పం కరగని ఒక మధ్యతరగతి కుటుంబంలోని లూసీ, మిషెల్ అనే రైతు యువకుణ్ణి ప్రేమిస్తుంది. కట్నం లేదు కనుక ఆమెను తమ వర్గంలో ఎవరూ చేసుకోరు. రైతుకు ఇచ్చి చేయడం ఇంటివారికి తలవంపు. కూలికి పనిచేయడం అంతకన్నా తలవంపు. అంటే ఆ అమ్మాయి గౌరవంగా చేయగలిగినది ఇంట్లో కూర్చుని వయసు మీరిపోవడం ఒక్కటే.

ఈ ఇతివృత్తంలో కొత్తదనం వర్గాంతర వివాహం కాదు. జార్జ్ సాండ్ పల్లె నవలలకు అప్పటికే పాఠకులున్నారు. ఆంద్రే లెయో కొత్తగా చేసింది పరువును ఆర్థిక వ్యవస్థగా చూపించడం. ఇంటి దర్పాన్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు కూతుళ్ళ జీవితాలలోంచి వసూలవుతుందని ఆమె లెక్కకట్టి చూపింది. మిషెల్ మరీ మచ్చలేని మనిషి కావడం నవలకు బలహీనతే. అటువంటి యువకుణ్ణి కాదనే తండ్రి మూర్ఖుడుగా కనిపిస్తాడు తప్ప, ఒక వ్యవస్థకు తానూ బందీ అయినవాడిగా కనిపించడు. అయినా లూసీ నిర్ణయం ప్రేమోద్రేకంలో తీసుకున్నది కాదు. తన ముందున్న దారులన్నీ తూచి చూసుకుని తీసుకున్నది. ఆ తూకమే ఈ నవలను ఇప్పటికీ చదివిస్తుంది.

1866లో ఆమె విడాకుల మీద నవల రాసేనాటికి ఫ్రాన్సులో విడాకులే లేవు. 1869లో వచ్చిన 'అలీన్–అలీ' ఇంకా సాహసవంతమైనది. అక్కకు పెళ్ళి తెచ్చిపెట్టిన దుర్గతిని చూసిన అలీన్ మగదుస్తులు వేసుకుని అలీ అవుతుంది. మారువేషం నాటకాల్లో పాత ఎత్తుగడే. ఇక్కడ దానికి వేరే పని ఉంది. స్త్రీలు లేనప్పుడు మగవాళ్ళు స్త్రీల గురించి ఏం మాట్లాడుకుంటారో అలీన్ వినగలుగుతుంది. పావ్లో అనే యువకుడితో సమానురాలిగా స్నేహం చేయగలుగుతుంది. తాను స్త్రీనని తెలిశాక ఆ సమానత్వం ఏమవుతుందన్నదే ఆ నవలలోని అసలు భయం. ప్రేమ దొరకదేమోనన్నది కాదు, ప్రేమతోపాటు యజమాని కూడా వస్తాడేమోనన్నది.

ఇరవై ఏడుకు ఎనిమిది

ఆమెను నవలల నుంచి నేరుగా వాదంలోకి దింపినవారు శత్రువులు కారు, స్వపక్షంవారే. సోషలిస్టు కార్మికులలో గొప్ప పలుకుబడి ఉన్న ప్రూధాఁ 1858లో ప్రచురించిన గ్రంథంలో స్త్రీపురుషుల విలువను అంకెల్లో తేల్చాడు. శరీరబలంలో పురుషుడు మూడైతే స్త్రీ రెండు, బుద్ధిలో మూడుకు రెండు, నైతికతలో మూడుకు రెండు. ఈ మూడింటినీ హెచ్చవేస్తే ఇరవై ఏడుకు ఎనిమిది. ఆస్తిని దొంగతనమన్న మనిషి భార్య మీద భర్త ఆస్తిహక్కుకు లెక్కల ఆధారం వెతికాడు. జూలియెట్ లాంబెర్, జెనీ దెరికూర్ అతనికి అప్పట్లోనే గట్టి సమాధానాలిచ్చారు.

ఆంద్రే లెయో సమాధానం 1869లో పుస్తకంగా వచ్చింది. పేరు 'స్త్రీ, ఆచారాలు'. ఉపశీర్షిక 'రాజరికమా, స్వేచ్ఛా'. ఆమె వాదం స్త్రీల మీద దయచూపమని కాదు. రాజ్యంలో అందరికీ ఏలుబడి దొరకదు కనుక ఎవరి ఇంట్లో వారు ఒక చిన్న రాజరికాన్ని సొంత వాడకానికి అట్టేపెట్టుకున్నారని ఆమె గణతంత్రవాదులను ఎత్తిపొడిచింది. విధేయతలో పెరిగిన తల్లి పెంచిన కొడుకు పౌరుడు ఎలా అవుతాడని అడిగింది. స్త్రీలు మతగురువుల చేతుల్లో ఉన్నారు కనుక వారికి హక్కులివ్వకూడదనే వాదాన్ని ఆమె తిరగేసింది: హక్కులు లేకనే వారు అక్కడ ఉన్నారు. నవలల్లో లూసీ తండ్రి, అలీన్ అక్క భర్త చేసిన పనులకు ఇది సిద్ధాంత రూపం.

తొమ్మిదిమంది, ఒక జెండా

సిద్ధాంతానికి పరీక్ష 1871లో వచ్చింది. ప్రష్యాతో యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. మార్చి 18న తియేర్ ప్రభుత్వం మోంమార్త్ర్ గుట్ట మీది ఫిరంగులను స్వాధీనం చేసుకోవడానికి సైన్యాన్ని పంపింది. స్త్రీలు సైనికుల మధ్యకు చొరబడ్డారు. సైనికులు కాల్పులు జరపలేదు. ప్రభుత్వం వెర్సాయ్‌కి తరలిపోయింది, పారిస్‌లో కమ్యూన్ ఏర్పడింది. దాన్ని ఎన్నుకున్న ఓటర్లలో స్త్రీలు లేరు.

మార్చి 31 నుంచి మే 17 వరకు వెలువడిన 'లా సోసియాల్' దినపత్రికలో ఆంద్రే లెయో ప్రధాన రచయిత్రి. మే 6న అందులో వచ్చిన ఒక కథనం ఆమె పత్రికారచనకు మంచి ఉదాహరణ. గాయపడినవారికి సేవచేయడానికి తొమ్మిదిమంది స్త్రీలు రెడ్‌క్రాస్ జెండా పట్టుకుని యుద్ధరంగానికి బయలుదేరతారు. ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి తిప్పి పంపుతారు తప్ప పని ఇవ్వరు. మామూలు సైనికులు వారిని ఆదరిస్తారు. అధికారులు, శస్త్రవైద్యులు ముఖం చిట్లిస్తారు. ఆమె తీర్పులు చెప్పదు. తలుపులు ఒక్కొక్కటే మూసుకోవడాన్ని వరసగా చూపిస్తుంది. పాఠకుడికి నవ్వు వస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. ఇరవై ఏళ్ళ కథారచన నేర్పిన సంయమనం అది.

మే 8న 'స్త్రీ లేని విప్లవం' అనే వ్యాసంలో ఆమె నేరుగా జనరల్ దొంబ్రోవ్‌స్కీని సంబోధించింది. మార్చి 18ని ఎవరు సాధించారో తెలుసా అని నిలదీసింది. ఆ రోజు స్త్రీలు వెనక్కి తగ్గి ఉంటే జనరల్ గారికి ఆ పదవే లేదని గుర్తుచేసింది. యుద్ధవ్యవహారాల ప్రతినిధి రోసెల్ ఆమెకు పత్రికాముఖంగా సానుకూలంగా జవాబిచ్చాడు. కొద్ది రోజులకే అతను పదవి వదులుకున్నాడు.

ఇదే కాలంలో ఆమె బెన్వా మలోఁతో కలిసి గ్రామీణ శ్రామికులకు ఒక విజ్ఞప్తి రాసింది. అది లక్ష ప్రతులు అచ్చయిందని చరిత్రకారులు చెబుతారు. పారిస్ శ్రామికుడు నీ పొలం లాక్కోవడానికి వస్తున్నాడన్న ప్రచారం అబద్ధమని, సాగుచేసేవాడికే భూమి దక్కాలని ఆ విజ్ఞప్తి సారాంశం. పారిస్ నాయకులలో పల్లెను పట్టించుకున్నవారు తక్కువ. రైతు భయం ఎక్కడుంటుందో పువాతూ నవలాకారిణికి తెలుసు. ఆ భయాన్ని వెర్సాయ్ వాడుకుంటుందనీ ఆమెకు తెలుసు. విజ్ఞప్తి ఆలస్యంగా, దిగ్బంధం మధ్య వెలువడింది.

కమ్యూన్ తనను వ్యతిరేకించే పత్రికలను మూయించినప్పుడు కూడా ఆమె ఊరుకోలేదు. ప్రత్యర్థులు చేసే పనే మనమూ చేస్తే లోకం ఇద్దరిలో తేడా ఎలా పోల్చుకుంటుందన్నది ఆమె అభ్యంతరం. ముట్టడిలో ఉన్న నగరంలో, సొంత పక్షం పత్రికలో ఈ మాట రాయడం చిన్న విషయం కాదు.

పూర్తికాని ప్రసంగం

మే చివరి వారపు ఊచకోత తరవాత ఆమె తలదాచుకుని, స్విట్జర్లండు చేరింది. సెప్టెంబరులో లొజాన్‌లో జరిగిన శాంతి–స్వేచ్ఛా సమాఖ్య మహాసభలో 'సామాజిక యుద్ధం' పేరుతో ప్రసంగించింది. దేశాల మధ్య యుద్ధాలను ఖండించే సభికులు పారిస్ వీధుల్లో జరిగిన హత్యాకాండ గురించి వినలేకపోయారు. ఆమెను ప్రసంగం ముగించనివ్వలేదు. ఆమె దాన్ని అచ్చువేయించింది. ఉదారవాదులు మాట్లాడనివ్వలేదు, విప్లవకారులతోనూ పొసగలేదు. జెనీవాలో 'లా రెవొల్యూసియోఁ సోసియాల్' పత్రికలో ఆమె మార్క్స్ నాయకత్వపు కేంద్రీకృత ధోరణిని విమర్శించింది. నాయకుడు ఎవరైనా విధేయత అనే మాట ఆమెకు గిట్టదు. 213వ అధికరణం మీది కోపమే ఇక్కడా పనిచేసింది.

1880 క్షమాభిక్ష తరవాత ఆమె ఫ్రాన్సుకు తిరిగి రాగలిగింది. 1900 మే 20న పారిస్‌లో మరణించింది.

ఆమె నవలలను నిర్దోషమైన కళాఖండాలని చెప్పడం అతిశయోక్తి. మంచివారు మరీ మంచివారు. పాత్రలు ఉద్వేగంలో ఉన్నప్పుడు సంపాదకీయాల భాష మాట్లాడతాయి. ఫ్లోబేర్ వాక్యాన్ని చెక్కుతున్న కాలంలో ఆమె వాక్యం తొందరగా, పనిమీద వెళుతున్నట్టు నడుస్తుంది. అయితే ఈ లోపాల కారణంగా ఆమెను నవలాచరిత్ర నుంచి తప్పించినవారు, అంతకన్నా బలహీనమైన బోధలు చేసిన మగ రచయితలకు చోటిచ్చారన్నది మరువరాదు. పైగా నవలలో బోధగా మిగిలిన వాదం పత్రికలోకి వచ్చేసరికి దృశ్యంగా మారింది. తొమ్మిదిమంది స్త్రీల కథనాన్ని అలీన్ మారువేషం పక్కన పెట్టి చదివితే ఇది స్పష్టమవుతుంది. మగదుస్తులు వేసుకుంటే తెరుచుకున్న తలుపులే, రెడ్‌క్రాస్ జెండా పట్టుకున్న స్త్రీలకు తెరుచుకోలేదు.

నోటరీ కూతురు చివరగా రాసిన దస్తావేజు కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగినదే. ఫ్రాన్సులో ఏ గ్రామం మొదటగా ఉమ్మడిగా భూమి కొని ఉమ్మడిగా సాగుచేయడానికి పూనుకుంటుందో ఆ గ్రామానికి చెందేలా ఆమె వీలునామాలో కొద్దిపాటి సొమ్ము కేటాయించింది. కూతుళ్ళ జీవితాలను కుటుంబపు ఆస్తికి జమకట్టే లెక్కలను నలభై ఏళ్ళు విప్పిచూపిన రచయిత్రి, తన ఆస్తికి వారసుణ్ణి కాక ఒక ఊరిని ఎంచుకుంది.