ఎడమ చేతి పనితనం

కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే నిజమైన క్యాడ్ పనిమంతుణ్ని గుర్తుపట్టాలంటే అతని స్క్రీన్ చూడక్కర్లేదు, ఎడమ చెయ్యి చూడండి. కుడి చెయ్యి మౌస్ వదలదు. ఎడమ బొటనవేలు స్పేస్‌బార్ మీదే ఉంటుంది, ఆటోక్యాడ్‌లో స్పేస్ నొక్కినా ఎంటర్ నొక్కినట్టే కనుక. మిగతా నాలుగు వేళ్లూ క్యూ, ఏ, ఎస్, డీ, ఎఫ్ కీల చుట్టూ తిరుగుతాయి. ఆ చెయ్యి జానెడు దూరం దాటి పోదు. కళ్లు కీబోర్డు మీదికి దిగవు, స్క్రీన్ పైన వరసగా పేర్చిన బొమ్మల వైపూ పోవు. గీస్తున్న గీత మీదే నిలిచి ఉంటాయి.

సికింద్రాబాద్‌లో ఒక పాత ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఆ చెయ్యిని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, టీ-స్క్వేరూ మినీ డ్రాఫ్టరూ పట్టుకుని ట్రేసింగ్ పేపర్ల మీద ఏళ్లకేళ్లు గీసి, ఆ తర్వాత కంప్యూటర్ ముందుకొచ్చిన పెద్దమనిషి ఆయన. ముప్పై అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు ఉన్న స్థలానికి ప్లాన్ వేస్తున్నారు. స్క్రీన్ పైన రిబ్బన్ అనే ఆ బొమ్మల పట్టీ లేదు. అడుగున రెండు లైన్ల కమాండ్ విండో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగిన క్రాస్‌హెయిర్, అంతే. మొదట ఐదు శాతం మాత్రమే ఉండే ఆ క్రాస్‌హెయిర్‌ను ఆయన వందకు పెంచుకున్నారు. ప్లాన్‌లోని కిటికీకి సరిగ్గా తిన్నగా ఎలివేషన్‌లో కిటికీ కూర్చుందో లేదో ఆ గీత వెంట చూస్తే తెలిసిపోతుంది, వేరే గీత గీయక్కర్లేదు.

డబ్ల్యూ నొక్కి ఒక గీత మీద క్లిక్ చేస్తే తొమ్మిదంగుళాల గోడ పడింది. డబ్ల్యూ రెండుసార్లు నొక్కితే నాలుగున్నర అంగుళాల గోడ. రెండూ గోడల లేయర్ మీదే పడ్డాయి, లేయర్ మార్చడానికి ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. చివర్లో స్థలం లోపల ఒకచోట క్లిక్ చేయగానే మధ్యలో ‘200 గజాలు’ అని అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. డ్రాయింగ్ అంగుళాల్లో ఉంది కాబట్టి వచ్చిన వైశాల్యాన్ని 1296తో భాగిస్తే గజాలు వస్తాయి. ఆ భాగహారం ఆటోక్యాడ్ లోపలే నడిచే ఒక చిన్న లిస్ప్ ప్రోగ్రామ్ చేసిపెట్టింది. ఏ కంపెనీ పెట్టెలోనూ ఈ కమాండ్ దొరకదు. మన ఊళ్లో స్థలం గజాల్లో కొంటారని కాలిఫోర్నియాలో ఎవరికి తెలుస్తుంది? తన పనికి కావలసింది ఆయనే రాసుకున్నారు.

ఈ విద్యకు తొలిమెట్టు కమాండ్లకు పొట్టి పేర్లు పెట్టే పీజీపీ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు ఫైలే. ఒక్కో వరుసలో ముందు పొట్టి పేరు, తర్వాత కామా, తర్వాత నక్షత్రం గుర్తు, దాని వెంటే కమాండ్ పూర్తి పేరు. కంపెనీ ఇచ్చిన జాబితాలో ‘సీ’ అంటే సర్కిల్, కాపీకి రెండక్షరాలు కొట్టాలి. ఇళ్ల ప్లాన్లు గీసేవాడు రోజుకు వృత్తాలు ఎన్ని గీస్తాడు, కాపీలు ఎన్ని చేస్తాడు? సీని కాపీకి ఇచ్చేసి, సర్కిల్‌కు సీ రెండుసార్లు పెట్టుకోవాలి. మూవ్‌కు ఎమ్, లైన్‌కు ఎల్, ఆఫ్‌సెట్‌కు ఓ. ఈ మూడు అక్షరాలూ కీబోర్డు కుడివైపున ఉన్నాయి, వాటి కోసం ప్రతిసారీ కుడి చెయ్యి మౌస్ వదలాలి, లేదా ఎడమ చెయ్యి అంత దూరం సాగాలి. అందుకే తెలిసినవాళ్లు లైన్‌ను క్యూకి, మూవ్‌ను వీకి తెచ్చుకుంటారు. ఫైలు సేవ్ చేసి రీఇనిట్ కమాండ్ ఇస్తే చాలు, ఆటోక్యాడ్ మూసి తెరవక్కర్లేదు. పోపులపెట్టెలో ఆవాలగిన్నె ఎక్కడుందో ఇల్లాలి చేతికి తెలిసినట్టు, నెల తిరిగేసరికి ఈ అక్షరాలు వేళ్లకు తెలిసిపోతాయి.

మౌస్ కుడి బటన్ సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ఆప్షన్స్‌లో దాన్ని కాలాన్నిబట్టి పనిచేసేలా మార్చుకోవచ్చు. పావు సెకను లోపల వదిలేస్తే ఎంటర్, కాస్త పట్టి ఉంచితే మెనూ. ఒక్క బటన్ రెండు పనులకు వస్తుంది.

బటన్ల వెనక ఉండే మాక్రోల భాష నాకు ప్రాణం. అది మొదలయ్యేదే కంట్రోల్-సీ గుర్తు రెండుసార్లతో. మీరు ఏ కమాండ్ మధ్యలో ఉన్నా ముందు దాన్ని రద్దు చేసి రమ్మని దాని అర్థం. ఒక్కోసారి కమాండ్ లోపల ఇంకో మెట్టు దిగి ఉంటాం, ఒక్క రద్దు చాలదు, అందుకే రెండు. సెమికోలన్ పెడితే ఎంటర్. వెనక్కి వాలిన గీత పెడితే అక్కడ ఆగి మన క్లిక్ కోసం చూస్తుంది. ఈ మూడు గుర్తులతో ఆఫ్‌సెట్‌నూ తొమ్మిది అంకెనూ కలిపి గోడ బటన్ చేసుకోవచ్చు, ప్రోగ్రామింగ్ అక్షరం ముక్క రాకపోయినా సరే. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. సొంత బటన్లను అసలు మెనూ ఫైల్లో కలపకుండా ‘కస్టమ్’ అని విడిగా ఉండే ఫైల్లో దాచుకోవాలి, కొత్త వెర్షన్‌కు మారినప్పుడు అవి చెక్కుచెదరకుండా వెంట వస్తాయి. తలుపులు, కిటికీలు, శానిటరీ బ్లాకులకైతే 2004 వెర్షన్‌తో వచ్చిన టూల్ పాలెట్లున్నాయి. లేయరూ స్కేలూ ముందే నింపి పెట్టుకుంటే లాగి వదలడమే పని.

చరిత్ర మాటకొస్తే, ఎడమ చెయ్యి ఈ పనిలోకి నిన్నా మొన్నా రాలేదు. 1963లో ఐవన్ సదర్లాండ్ ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ చూపించినప్పుడే ఒక చేతిలో లైట్ పెన్, రెండో చేతి కింద బటన్ల పెట్టె ఉన్నాయి. 1982లో జాన్ వాకర్, ఆయన మిత్రులు ఆటోడెస్క్ పెట్టారు, ఆ ఏడాది చివర్లోనే ఆటోక్యాడ్ వచ్చింది. 1986లో డేవిడ్ బెట్జ్ రాసిన ఎక్స్‌లిస్ప్ ఆధారంగా ఆటోలిస్ప్ తెచ్చి అందులో కలిపారు. ఆటోక్యాడ్‌ను నిలబెట్టింది ఆ నిర్ణయమేనని నా గట్టి నమ్మకం. కొన్నవాడికి పనిముట్టుతో పాటు దాన్ని సానబట్టుకునే రాయి కూడా చేతికిచ్చారు.

ఇక లిస్ప్ మహానుభావుల గురించి చెప్పకుండా ఉండలేను. లిన్ అలెన్ క్యాడలిస్ట్ పత్రికలో ‘సర్కిల్స్ అండ్ లైన్స్’ శీర్షికతో ఏళ్ల తరబడి ఈ కిటుకులు నేర్పారు. లీ మాక్ ఉన్నారు. ఆయన ఉచితంగా పంచిన ప్రోగ్రాములు వాడని డ్రాయింగ్ ఆఫీసు ఉంటే అది దాని దురదృష్టం. వరస సంఖ్యలు వేసే ఆయన ప్రోగ్రామ్ తీసుకోండి. తలుపులకు డీ1, డీ2, డీ3 అని క్లిక్ చేస్తూ పోతే అంకె దానంతటదే పెరుగుతుంది, వంపు తిరిగిన గీత పక్కన పెడితే అక్షరాలూ ఆ వంపు ప్రకారమే తిరుగుతాయి. అంతకన్నా గొప్పది లోపలి పనితనం. నాసిరకం లిస్ప్ నడుస్తుండగా మధ్యలో ఎస్కేప్ కొట్టి చూడండి, మీ ఆబ్జెక్ట్ స్నాప్‌లన్నీ మాయమైపోతాయి. ప్రోగ్రామ్ తన అవసరానికి వాటిని ఆపింది, తిరిగి పెట్టే లైను దాకా రాలేదు. ఆ సంగతి గమనించక గీసిన గీతలు మూలల్లో కలవవు, మర్నాడు హ్యాచ్ పడదు, వైశాల్యం రాదు. లీ మాక్ ప్రోగ్రామ్ అలా కాదు. మధ్యలో ఆగినా మీ సెట్టింగులు మీకు అప్పజెప్పి పోతుంది. అది చేసిన పనంతా ఒక్క అన్‌డూతో వెనక్కి వస్తుంది. మీ ఇతర ప్రోగ్రాములతో పేర్లు ఢీకొనకుండా తన ఫంక్షన్ల ముందు తన పొడి అక్షరాలు పెట్టుకుంటారు. చదువుతుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంతటి విద్య ఇవాళ ఎలా ఉంది? 2009 వెర్షన్‌లో రిబ్బన్ వచ్చింది, 2015లో రిబ్బన్ లేని పాత క్లాసిక్ వర్క్‌స్పేస్ తీసేశారు. కొత్తవాళ్లకు బొమ్మలు చూసి నేర్చుకోవడం తేలికే, కాదనను. కానీ హ్యాచ్ మీద క్లిక్ చేస్తే రిబ్బన్ ఒక రూపం, బ్లాక్ తెరిస్తే ఇంకో రూపం. ఘడియకో చోటికి జరిగే బటన్‌ను చెయ్యి ఎప్పటికి గుర్తుపెట్టుకుంటుంది? కళ్లు డ్రాయింగ్ వదిలి పైకి వెళ్లి వెతికి మళ్లీ కిందికి దిగాలి. నా ఓటు కమాండ్ లైన్‌కే. 1993లో వచ్చిన చవక రకం ఆటోక్యాడ్ ఎల్‌టీకి 2024 వెర్షన్ దాకా లిస్ప్ ఇవ్వకపోవడం మరో అన్యాయం. చిన్న ఆఫీసులు కొనగలిగింది ఆ ఎల్‌టీనే. ముప్పై ఏళ్లపాటు వాళ్ల చేతులు కట్టేశారు.

మన దగ్గర జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. అమీర్‌పేటలో తల ఎత్తితే క్యాడ్ కోర్సుల బోర్డులే. అక్కడ నేర్చుకుని వచ్చిన పిల్లల్లో పీజీపీ ఫైలు పేరు విన్నవాళ్లు నాకు అరుదుగా తగిలారు. లైన్ బటన్ ఎక్కడుందో చెబుతారు, ట్రిమ్ బటన్ ఎక్కడుందో చెబుతారు, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆన్‌లైన్ అనుమతికి పంపే ప్లాన్లలో ఏ గీత ఏ పేరున్న లేయర్ మీద ఉండాలో ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ లేయర్లన్నీ ఒక్క కమాండ్‌తో పుట్టించే లిస్ప్ పది పదిహేను లైన్లు. అది రాయడం నేర్పకుండా, ఒక్కో పేరూ చేత్తో కొట్టించి, అక్షరం తప్పితే ప్లాన్ తిరిగొచ్చాక మళ్లీ కొట్టిస్తున్నారు. పిల్లల తప్పేమీ లేదు. వాళ్ల కళ్ల ముందు ఎవరూ ఆ ఎడమ చెయ్యి పెట్టలేదు.

దీనికి తోడు పెన్‌డ్రైవుల్లో చేతులు మారే ‘వెయ్యి లిస్పుల’ ఫోల్డర్లు! ఎవరు రాశారో తెలియదు, ఏది ఏం చేస్తుందో తెలియదు, రాసినవాడి పేరు చెరిపేసి ఇంకెవడో తన పేరు పెట్టుకున్నవి కొన్ని. పని రాకపోగా ప్రమాదం కూడా. 2012లో ఈసెట్ అనే యాంటీవైరస్ సంస్థ మెడ్రే అనే కంప్యూటర్ పురుగును పట్టుకుంది, అది ఆటోలిస్ప్‌లో రాసిందే. ఎక్కువగా పెరూ దేశంలో వ్యాపించి, తెరిచిన డ్రాయింగులను చైనాలోని ఈమెయిల్ ఖాతాలకు పంపేసింది. డ్రాయింగుల పక్కన ఆటోక్యాడ్ దానంతటదే లోడ్ చేసుకునే ఫైలు పెడితే చాలు, అడక్కుండా నడిచిపోయేది. ఆ తర్వాతే 2014 వెర్షన్‌లో నమ్మకమైన ఫోల్డర్ల నుంచి మాత్రమే లోడ్ చేసే ఏర్పాటు వచ్చింది. దాన్ని విసుగని ఆపేసేవాళ్లను చూస్తున్నాను. దయచేసి ఆపకండి. ఎదుటివాడి లిస్ప్ వాడే ముందు తెరిచి చదవండి. చదవడానికి వీల్లేకుండా మూసేసి ఇచ్చింది, ఎవరిచ్చారో తెలియనిది అయితే ముట్టుకోకండి.

సికింద్రాబాద్ పెద్దాయనలాంటి వాళ్లు ఒక్కొక్కరే రిటైర్ అవుతున్నారు. వాళ్లు వెళ్లిన మర్నాడు ఆఫీసువాళ్లు కంప్యూటర్ ఫార్మాట్ చేస్తారు. ముప్పై ఏళ్ల పీజీపీ, లిస్పులు, పాలెట్లు, ప్రొఫైల్ అన్నీ దానితోపాటే పోతాయి. ఆఫీసులు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. ఫార్మాట్ చేసే ముందు అవి ఉన్న ఫోల్డరు కాపీ తీయండి. ఆప్షన్స్‌లో ప్రొఫైల్‌ను ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక చిన్న ఫైలుగా వస్తుంది, దాన్నీ అందులో చేర్చండి. పెద్దలకు మరో మాట. లిస్ప్‌లో సెమికోలన్ తర్వాత ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదు. కనుక ప్రతి ప్రోగ్రామ్ నెత్తిన అది దేనికి రాశారో, ఎలా వాడాలో, అంగుళాల డ్రాయింగుకా మిల్లీమీటర్ల డ్రాయింగుకా అన్నది రెండు లైన్లు రాసిపెట్టండి. గజాల లెక్క మిల్లీమీటర్ల డ్రాయింగులో 1296తో రాదని కొత్తగా చేరిన పిల్లవాడికి తెలియదు కదా. చివరి వారం వాణ్ని మీ కుర్చీలో కూర్చోబెట్టి, మీరు పక్కన కుర్చీ వేసుకుని, రెండు వందల గజాల ప్లాన్ ఒకటి మొదటి గీత నుంచి వాడి ఎడమ చేత్తోనే గీయించండి.