ఫెడరల్ విచారణ న్యాయస్థానం – చరిత్ర, నిర్మాణం: ఉత్తర కాలిఫోర్నియా జిల్లా కోర్టుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా న్యాయచరిత్రను సుప్రీంకోర్టు తీర్పుల వరుసగా చదవడం పరిపాటి. ఆ తీర్పులు పుట్టిన విచారణ న్యాయస్థానాలు ఆ చదువులో పీఠికలుగా మిగిలిపోతాయి. 1850లో ఏర్పడిన ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ జిల్లా కోర్టు చరిత్రను ఆధారంగా తీసుకొని, ఈ దృష్టిలోని లోపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాస్తవ నిర్ధారణాధికారం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నే ఆ కోర్టు మంచిచెడులను నిర్ణయించిందని, ఆ ప్రశ్నకు జవాబు న్యాయమూర్తి వ్యక్తిత్వంలో కంటె కోర్టు నిర్మాణంలోనే దొరుకుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫెడరల్ జిల్లా కోర్టు, హెబియస్ కార్పస్, జన్మతః పౌరసత్వం, గదర్, కోరెమాత్సు, కేసుల కేటాయింపు.

1. ఉపోద్ఘాతం

భారతీయ పాఠకునికి ‘జిల్లా కోర్టు’ అనగానే స్ఫురించే అర్థం వేరు. మన జిల్లా న్యాయస్థానం కేంద్ర చట్టాలనూ రాష్ట్ర చట్టాలనూ ఒకే చోట అమలు చేస్తుంది; హైకోర్టు పర్యవేక్షణలో నడుస్తుంది. అమెరికాలో రాష్ట్ర న్యాయవ్యవస్థ, ఫెడరల్ న్యాయవ్యవస్థ రెండు వేరు వేరు శ్రేణులు. ఫెడరల్ శ్రేణిలో అట్టడుగున ఉండి సాక్ష్యం వినే కోర్టులు 94. వాటి ‘జిల్లా’ ఒక రాష్ట్రమంతా కావచ్చు, రాష్ట్రంలో కొంత భాగం కావచ్చు. న్యాయమూర్తిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. పదవికి కాలపరిమితి లేదు. అప్పీలు ప్రాంతీయ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళుతుంది.

అప్పీలు కోర్టు సాధారణంగా సాక్షిని చూడదు. కింద నమోదైన వాస్తవాల మీదనే అది న్యాయసూత్రాన్ని నిర్మిస్తుంది. కనుక సాక్షి ముఖం చూసే అధికారం, ప్రభుత్వ వాదనను రుజువు చేయమని అడిగే అధికారం విచారణ కోర్టువే. ఈ అధికారం ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు జారిపోయిందన్నదే ప్రస్తుత పరిశీలనకు కేంద్రం.

2. ఏర్పాటు, పునర్విభజనలు

కాలిఫోర్నియా 1850 సెప్టెంబరులో రాష్ట్రమైంది. అదే నెల 28న కాంగ్రెస్ దాన్ని ఉత్తర, దక్షిణ జిల్లాలుగా విభజించి రెండు కోర్టులను ఏర్పరచింది. ఉత్తర జిల్లా తొలి న్యాయమూర్తి ఆగ్డెన్ హాఫ్మన్ 1851లో నియమితుడై, 1891లో మరణించేవరకు నలభై ఏళ్లు ఆ పీఠంపై ఉన్నాడు. 1866లో రెండు జిల్లాలను ఒకటి చేశారు. 1886లో మళ్లీ విడదీశారు. 1966లో రాష్ట్రాన్ని ఉత్తర, తూర్పు, మధ్య, దక్షిణ జిల్లాలుగా నాలుగు చేశారు. అంతవరకు ఉత్తర జిల్లాలో ఉన్న శాక్రమెంటో ప్రాంతం అప్పుడు తూర్పు జిల్లాకు చేరింది.

ఆనాడు జిల్లా కోర్టు పక్కనే సర్క్యూట్ కోర్టు కూడా విచారణ కోర్టుగానే పనిచేసేది. అందులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డ్, సర్క్యూట్ న్యాయమూర్తి లొరెంజో సాయర్ కూర్చునేవారు. హాఫ్మన్ కూడా పాలుపంచుకొనేవాడు. 1891లో అప్పీళ్ల కోర్టులు ఏర్పడ్డాక పాత సర్క్యూట్ కోర్టుల ప్రాధాన్యం తగ్గి, 1912 జనవరి 1 నుంచి అవి రద్దయ్యాయి. పందొమ్మిదో శతాబ్దపు ‘సర్క్యూట్ కోర్టు తీర్పు’ను నేటి అప్పీలు తీర్పుగా పొరబడటం పరిశోధకుల రచనల్లో తరచు కనిపించే దోషం. ఈ తేడా తెలియనిదే కింది భాగాల్లోని కేసుల స్వభావం బోధపడదు.

3. భూమి వ్యాజ్యాలు: రుజువు భారం

మెక్సికో ప్రభుత్వం ఇచ్చిన భూదానాలను గౌరవిస్తామని 1848 నాటి గ్వాడలూప్ హిడాల్గో ఒడంబడికలో అమెరికా మాట ఇచ్చింది. 1851 చట్టం మాత్రం ప్రతి హక్కుదారుడూ కమిషన్ ముందు తన హక్కును తానే రుజువు చేసుకోవాలని శాసించింది. కమిషన్ నిర్ణయంపై వివాదం జిల్లా కోర్టుకు చేరేది. ఏళ్ల తరబడి సాగిన ఈ వ్యాజ్యాల ఖర్చుకు తట్టుకోలేక గెలిచినవారు కూడా భూములు పోగొట్టుకున్న ఉదాహరణలున్నాయి.

హాఫ్మన్ తొలుత దానపత్రాల షరతులను అక్షరాలా పట్టుకున్నాడు. ఫ్రేమాంట్ హక్కును 1854లో తిరస్కరిస్తే, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో పెద్ద భాగం తనదేనన్న లిమాంతూర్ దావాలో మాత్రం పత్రాల కల్పితత్వాన్ని నిశితంగా పరీక్షించి 1858లో దాన్ని కొట్టివేశాడు. కల్పిత పత్రాన్ని పట్టుకొన్న నైశిత్యమే నిజమైన హక్కుదారుకు అవరోధమైంది. దీనిని న్యాయమూర్తి గుణదోషంగా చూడటం కంటె, రుజువు భారాన్ని ఒడంబడిక మాటకు విరుద్ధంగా ఎదుటిపక్షం మీదికి నెట్టిన చట్టపు ఫలితంగా చూడటం సమంజసం.

4. హెబియస్ కార్పస్: ఒక్కొక్కరి వాస్తవం

1882లో చైనా కార్మికుల ప్రవేశాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో రేవులో ఓడ దిగనివ్వని ప్రయాణికులు హెబియస్ కార్పస్ పిటిషన్లతో ఫెడరల్ కోర్టులను ఆశ్రయించారు. ఆ దశకంలో ఇవి వేల సంఖ్యకు చేరాయి, అత్యధికులు విడుదలయ్యారు. పత్రికలు, రాజకీయ నాయకులు న్యాయమూర్తులను నిందించారు.

ఈ ఘట్టంపై ప్రామాణిక అధ్యయనం క్రిస్టియన్ ఫ్రిట్జ్‌ది. హాఫ్మన్ కోర్టుపై ఆయన గ్రంథం 1991లో వెలువడింది. చైనీయుల పట్ల హాఫ్మన్‌కు సానుభూతి లేకపోయినా, ప్రతి పిటిషన్‌నూ విని, ప్రతి మనిషి సాక్ష్యాన్నీ తూచక తప్పదన్న న్యాయప్రక్రియా నిబద్ధత అతణ్ణి నడిపించిందని ఫ్రిట్జ్ వాదం. ఈ వాదం బలమైనది. ఐతే అది న్యాయమూర్తి జీవితరేఖను అనుసరించడం వల్ల 1891 దగ్గర ఆగిపోతుంది. 1995లో వచ్చిన లూసీ సాల్యర్ అధ్యయనం న్యాయమూర్తి నుంచి కక్షిదారుల వైపు దృష్టి మళ్లించి, చైనీయ సమాజం న్యాయవాదులను పెట్టుకొని వ్యవస్థీకృతంగా పోరాడిన తీరును చూపింది. కథను 1924 దాకా కొనసాగించింది. రెండింటినీ కలిపి చదివినప్పుడే అసలు మలుపు కనిపిస్తుంది.

ఆ మలుపుకు ముందు ఒక విజయముంది. అమెరికాలో పుట్టిన లుక్ టిన్ సింగ్ పౌరుడేనని 1884లో సర్క్యూట్ కోర్టులో ఫీల్డ్ తీర్పిచ్చాడు. 1895లో చైనా నుంచి తిరిగివచ్చిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను అధికారులు అడ్డుకున్నప్పుడు, జిల్లా న్యాయమూర్తి విలియం మారో ఆ పూర్వతీర్పును అనుసరించి 1896 జనవరి 3న అతణ్ణి విడుదల చేశాడు. అంతకుముందు కాంగ్రెస్ సభ్యుడిగా చైనీయుల వలసను వ్యతిరేకించినవాడు మారో. 1898లో సుప్రీంకోర్టు 6–2 ఆధిక్యంతో ఆ తీర్పునే స్థిరపరచింది. పద్నాలుగో సవరణ వ్యాఖ్యానంలో శిఖరంగా చెప్పుకునే ఈ తీర్పుకు పునాది ఒక విచారణ కోర్టు హెబియస్ ఉత్తర్వు.

మలుపు 1905లో వచ్చింది. అదే ఉత్తర జిల్లాలో పుట్టిన జు టాయ్ కేసులో, తాను పౌరుణ్ణని చెప్పుకున్న వ్యక్తి విషయంలోనూ వలస అధికారుల వాస్తవ నిర్ణయమే అంతిమమని సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు జిల్లా కోర్టు సాక్ష్యం విని జు టాయ్ పౌరుడేనని నిర్ధారించి ఉంది. జన్మతః పౌరసత్వమనే సూత్రం చెక్కుచెదరలేదు. ఆ జన్మ ఎక్కడ జరిగిందో తేల్చే అధికారం మాత్రం కోర్టు చేతినుంచి అధికారి బల్ల మీదికి మారింది. హక్కు మిగిలి, హక్కును రుజువు చేసుకునే చోటు పోయింది.

5. యుద్ధకాలం: ప్రభుత్వం చెప్పిందే వాస్తవం

1913లో శాన్ ఫ్రాన్సిస్కో కేంద్రంగా గదర్ ఉద్యమం ఆరంభమైంది. అందులో పాల్గొన్న తెలుగువాడు దరిశి చెంచయ్య. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ తెలుగు పాఠకులకు పరిచితమే. భారతదేశంలో తిరుగుబాటుకు జర్మన్ సహాయంతో కుట్ర పన్ని అమెరికా తటస్థతా చట్టాన్ని ఉల్లంఘించారన్న అభియోగంపై గదర్ కార్యకర్తలు, జర్మన్ కాన్సల్ ఫ్రాంజ్ బాప్ మొదలైనవారి విచారణ ఈ జిల్లా కోర్టులోనే 1917 నవంబరు నుంచి 1918 ఏప్రిల్ వరకు న్యాయమూర్తి వాన్ ఫ్లీట్ ఎదుట సాగింది. చివరి దశలో రామచంద్రను కోర్టు గదిలోనే సహ నిందితుడు రామ్ సింగ్ కాల్చి చంపగా, అతణ్ణి అక్కడే ఒక కోర్టు అధికారి కాల్చివేశాడు. సాక్ష్యసేకరణలో బ్రిటిష్ గూఢచారులు తోడ్పడ్డారు. అమెరికా యుద్ధంలో చేరిన తరువాత, మిత్రరాజ్యం సమకూర్చిన ఆధారాలతో సాగిన ఈ విచారణలో నిందితులు విడి విడి మనుషులుగా గాక ఒకే కుట్రకథలోని పాత్రలుగా న్యాయపీఠం ముందు నిలిచారు. హెబియస్ కేసులకు ఇది సరిగ్గా వ్యతిరేక స్థితి.

ఈ ధోరణి 1942లో పరాకాష్ఠ చేరింది. జపాను సంతతి వారిని పశ్చిమ తీరంనుంచి తరలించాలన్న సైనిక ఉత్తర్వును ధిక్కరించినందుకు ఫ్రెడ్ కోరెమాత్సు ఈ జిల్లాలోనే దోషిగా నిర్ణయింపబడ్డాడు. సైనిక అవసరం ఉన్నదా అన్న ప్రశ్న సాక్ష్యపరీక్షకు రానేలేదు. 1944 డిసెంబరు 18న సుప్రీంకోర్టు 6–3తో ఆ శిక్షను సమర్థించింది.

అదే రోజు వెలువడిన మిత్సుయే ఎండో తీర్పు ఈ కోర్టు భౌగోళిక నిర్మాణానికున్న విలువను చాటుతుంది. ట్యూల్ లేక్ శిబిరం అప్పటి ఉత్తర జిల్లాలో ఉండటంవల్ల ఎండో హెబియస్ పిటిషన్ 1942లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టులో దాఖలైంది. కోర్టు ఏడాది తరువాత దాన్ని తిరస్కరించింది. ఆ పిమ్మట ఆమెను యూటాలోని శిబిరానికి తరలించారు. బందీని జిల్లా దాటించినంత మాత్రాన కోర్టు అధికారపరిధి తొలగిపోదని సుప్రీంకోర్టు స్పష్టం చేసి, విధేయురాలని ప్రభుత్వమే ఒప్పుకున్న పౌరురాలిని నిర్బంధించే అధికారం లేదని తీర్పిచ్చింది.

6. రికార్డు పునఃపరీక్ష: 1983

1980ల తొలినాళ్లలో పీటర్ ఐరన్స్, ఐకో హెర్జిగ్–యోషినాగా వెలికితీసిన ప్రభుత్వ పత్రాలు, 1944లో సుప్రీంకోర్టుకు కీలక సమాచారం దాచారని చూపాయి. శిక్ష అనుభవించడం ముగిసిన తరువాత కూడా మౌలికమైన అన్యాయాన్ని సరిదిద్దే కోరం నోబిస్ పిటిషన్ శిక్ష విధించిన కోర్టులోనే వేయాలి. కనుక కోరెమాత్సు నాలుగు దశాబ్దాల తరువాత ఉత్తర జిల్లా కోర్టుకే తిరిగివచ్చాడు. న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ 1983 నవంబరు 10న ఆ శిక్షను రద్దుచేసింది.

ఈ తీర్పును కొందరు 1944 నాటి తీర్పుకు ఓటమిగా వర్ణిస్తారు. అది సరికాదు. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రాన్ని మార్చే అధికారం జిల్లా కోర్టుకు లేదని పటేల్ తన తీర్పులోనే గుర్తించింది. ఆమె కూల్చింది వాస్తవాల పునాదిని. సూత్రం 2018లో ట్రంప్ వర్సెస్ హవాయి కేసులో సుప్రీంకోర్టే దాన్ని తప్పని ప్రకటించేదాకా పుస్తకాల్లో నిలిచింది. విచారణ కోర్టు శక్తి, పరిమితి రెండూ ఈ ఒక్క ఉత్తర్వులో కనిపిస్తాయి.

7. నేటి నిర్మాణం, కేటాయింపు ప్రశ్న

ప్రస్తుత ఉత్తర జిల్లా పరిధిలో 15 కౌంటీలున్నాయి. ఆమోదిత న్యాయమూర్తి పదవులు 14. శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్, శాన్ హోసె, యురేకా విభాగాలలో కోర్టు నడుస్తుంది. ఉభయపక్షాల సమ్మతి ఉంటే సివిల్ వ్యాజ్యాన్ని మేజిస్ట్రేట్ న్యాయమూర్తి పూర్తిగా విచారించవచ్చు. సిలికాన్ వ్యాలీ ఈ పరిధిలోనే ఉన్నందున నాప్‌స్టర్, ఆపిల్–శాంసంగ్ వంటి వివాదాలు ఇక్కడికే వచ్చాయి.

పైకి గుమాస్తా పనిలా కనిపించే కేసుల కేటాయింపు నిజానికి నిర్మాణంలో కీలకాంశం. ఇక్కడ కేటాయింపు యాదృచ్ఛికం. పేటెంట్ల వంటి కొన్ని తరగతులను విభాగంతో నిమిత్తం లేకుండా జిల్లా అంతటా పంచుతారు. దీనికి భిన్నంగా ఉత్తర టెక్సాస్ జిల్లాలోని అమరిల్లో విభాగంలో సివిల్ కేసులు దాదాపు అన్నీ ఒకే న్యాయమూర్తికి చేరేవి. వాది తన న్యాయమూర్తిని తానే ఎంచుకున్నట్టయ్యేది. 2024 మార్చిలో న్యాయపాలక మండలి యాదృచ్ఛిక కేటాయింపును సూచించినా, అది జిల్లాలను కట్టడి చేసే ఆజ్ఞ కాలేదు. వాస్తవాన్ని నిర్ధారించే మనిషిని వాది ఎంచుకోగలిగితే, ఆ నిర్ధారణను ఎదుటిపక్షం న్యాయంగా స్వీకరించడం కష్టం.

8. ముగింపు

ఈ పరిశీలన మూడు అంశాలను ముందుకు తెస్తుంది. ఒకటి: ఒకే కోర్టు వాంగ్ కిమ్ ఆర్క్‌ను విడిపించింది, కోరెమాత్సును శిక్షించింది. దాన్ని హక్కుల రక్షకురాలిగానో పీడకురాలిగానో ఏకపక్షంగా చిత్రించడం చరిత్ర కాదు. రెండు: వ్యక్తి తన సాక్ష్యంతో ఒంటరిగా నిలిచి, ప్రభుత్వం తన మాటను రుజువు చేసుకోవలసి వచ్చినప్పుడు ఈ కోర్టు తన న్యాయమూర్తుల పక్షపాతాన్ని సైతం అధిగమించింది, ప్రభుత్వ కథనం పరీక్షకు అతీతమైనప్పుడు తడబడింది. మూడు: జిల్లా సరిహద్దు, రుజువు భారం, అప్పీలు పరిధి, కేటాయింపు పద్ధతి వంటి ‘పొడి’ విషయాలే ఈ తేడాను నిర్ణయించాయి.

ఇది గతానికి పరిమితమైన చర్చ కాదు. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో శాశ్వత నివాసియో కాకపోతే అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం నిరాకరిస్తూ 2025 జనవరి 20న వెలువడిన అధ్యక్ష ఉత్తర్వు, హెచ్–1బి వీసాలపై ఉన్న వేలాది తెలుగు కుటుంబాలను నేరుగా తాకింది. దాన్ని మొదట ఆపినవి జిల్లా కోర్టులే. వాటి ముందున్న ప్రధానాధారం 1898 తీర్పే. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు, కక్షిదారులు కానివారికి సైతం వర్తించే సార్వత్రిక నిషేధాజ్ఞలు ఇచ్చే అధికారాన్ని కుదించింది. వారాల వ్యవధిలోనే న్యూహాంప్‌షైర్ జిల్లా కోర్టు వర్గవ్యాజ్య మార్గంలో అటువంటి రక్షణనే కల్పించింది. 1905లో మాదిరిగానే ఇక్కడా వివాదం హక్కు గురించి మాత్రమే కాదు, ఆ హక్కును ఏ గదిలో, ఎవరి ముందు, ఎంతమంది తరఫున నిరూపించుకోవచ్చు అన్నదాని గురించి కూడా. విచారణ కోర్టుల చరిత్రను పై కోర్టుల తీర్పులకు పీఠికగా గాక స్వతంత్ర అధ్యయన విషయంగా చేపట్టవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతున్నది.