నవ్వించే పని పక్కోడిది

మా ఇంట్లో పిల్లలు పోగో ఛానల్ పెట్టారంటే ఛోటా భీమ్ కార్టూనే. 2008లో మొదలైనా పాతబడలేదు. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ మన హైదరాబాద్‌లో తయారుచేసిన సరుకు. పిల్లలు మురిసేది భీమ్‌ను చూసి, పడీపడీ నవ్వేది వాడితో పోటీపడే కాలియాను చూసి. టున్‌టున్ మౌసీ లడ్డూలకు ఎసరు పెట్టేది, ఢోలు భోలుల ముందు గొప్పలకు పోయేది, చివరికి బొక్కబోర్లా పడేది వాడే. భీమ్ లడ్డూ నోట్లో వేసుకున్నాడంటే గెలుపు ఖాయం. గెలుపు ఖాయమైనోడిని చూసి నవ్వేదెవరు?

చిందు యక్షగానానికి ఈ గుట్టు ఎప్పటి నుంచో తెలుసు. రాజు వేషం కిరీటం పెట్టుకుని గంభీరంగా పద్యం ఎత్తుకుంటే, హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ మధ్యలో దూరి ఆయన్నే ఆటపట్టిస్తాడు. 2024లో పద్మశ్రీకి ఎంపికైన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యది మన పక్క జనగామ జిల్లానే.

హన్మకొండలో ఒక బడి వార్షికోత్సవానికి నాటిక అడిగితే ఈ ధైర్యంతోనే రాశాను. పేరుమోసిన క్రికెటర్ ఫొటోల కోసం అనాథ పిల్లల హాస్టల్‌కు వస్తాడు. తన బ్యాటు మీద సంతకం చేసి ఓ పిల్లాడి చేతిలో పెడతాడు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, గిది ఆడుకునుడుకా, అమ్ముకునుడుకా?” అంటాడు. అనాథ అని జాలి చూపించబోయామో, నాటిక అక్కడే చచ్చిపోతుంది. వాడికి కావాల్సింది జాలి కాదు, జవాబు.

ఆ ప్రశ్న తర్వాత క్రికెటర్‌కు మాటలు రాయలేదు. నోరు తెరుచుకుని నిలబడాలి, అంతే. ఏడో తరగతి కుర్రాడితో అది చేయించడం నా వల్ల కాలేదు. జనం కంటే ముందే కిసుక్కుమంటాడు. యానిమేషన్ బొమ్మతో ఆ బాధ లేదు. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. రెండు సెకన్లు బిత్తరపోవాలంటే 50 ఫ్రేములు అదే మొహం పెట్టి ఆపొచ్చు. పిల్లాడి కళ్లు మాత్రం ఒక్కసారి ఆర్పిస్తే చాలు.

డబ్బింగ్‌లో పాడయ్యేది ఈ విరామమే. వేరే భాష కోసం ఆడించిన పెదాలకు తెలుగు అతికించాలంటే, నోరు కదిలినంతసేపు “ఆఁ... అంటే... మరి” అని పూడ్చాల్సిందే. విరుపు పోతుంది. హైదరాబాద్‌లో ఇంతమంది యానిమేటర్లున్నారు. ముందు ఓరుగల్లు యాసలో గొంతులు పట్టి, ఆ తర్వాత బొమ్మలు గీసే నిర్మాత ఎవరైనా ఉంటే చెప్పండి. క్రికెటర్, పిల్లాడు, బ్యాటు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి.