తాడిమర్రి సీమ కాపువాని దినచర్య – కావ్యసాక్ష్యవిమర్శ

సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకు మొట్టమొదట నొసగిన బహుమానము దానికే లభించినది. రాజుల జయాపజయముల నటుంచి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యని యడిగిన గ్రంథమది. దాని గొప్పతనమున వివాదము లేదు. వివాదమెల్ల సాక్ష్యమును గైకొను పద్ధతియందే. శాసనములు చెప్పని దానిని కావ్యములచే చెప్పించుట ఆయన మార్గము. ఆ మార్గముననే చిత్రావతి యొడ్డున తాడిమర్రి సీమలో నొక పూర్వపు కాపువాని యొక్క దినమును ఊహింపబోయినచో నెంత దూరము సాగగలము?

పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’ని మొదట జూతము. అందు చిలుక చెప్పునవి జారకథలు. కవి దృష్టి కథమీదనే యుండును. రెడ్ల యిండ్లు, పనిపాటలు, మాటతీరు త్రోవలో తగులును. ఋజువు చేయవలెనను తలంపు లేక వచ్చిన మాట గావున నాకది యెక్కువ నమ్మదగినదిగా తోచుచున్నది. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ యట్లు గాదు. వస్తువుల పేర్లు, వృత్తుల పేర్లు అందు వరుసలు కట్టి వచ్చును. పదసంపదకది పెన్నిధి, సందేహము లేదు. కాని కవి యెఱిగిన ధాన్యమెల్ల నొక యూర పండినదని చెప్పుట యెట్లు? నిఘంటువు నెవ్వడును వండుకొని తినడు. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచుట నాకు సమ్మతము గాదు.

‘ఆముక్తమాల్యద’లోని వర్షాకాలపు పల్లె నెల్లరును మెచ్చుదురు. నేనును మెచ్చుదును. అయినను అది పన్ను గొనువాని కంటికి కనబడిన పల్లె యని మఱవరాదు.

ఇక శాసనము. కడప జిల్లా పోరుమామిళ్ళ చెఱువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన యా చెఱువున దినమునకు 1000 మంది కూలీలు, ఱాళ్ళు తోలుటకు 100 బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లు అందు కలదు. కట్టించినవాని పేరున్నది, వంశమున్నది. ఆ వేయిమందిలో నొక్కని పేరైన లేదు. మన చిత్రావతిమీది బుక్కపట్టణము, ధర్మవరము చెఱువుల కట్టలును మట్టి మోసిన చేతులతోనే లేచినవి గదా! మధ్యాహ్నమున వారు గంపలు దించి యేమి తినియుందురు? ఊహ ఇచ్చట అవసరమే. లేనిచో ఆ వేయిమంది సంఖ్యగానే మిగిలిపోవుదురు.

కాని ఊహకు కళ్ళెముండవలెను. పూర్వకథలు వ్రాయువారు రాగిసంగటి ప్రక్కన ఎఱ్ఱని మిరపకాయ కారమును తప్పక పెట్టుదురు. మిరప అమెరికాఖండపు మొక్క. పోర్చుగీసువారి యోడలమీద నీ దేశమునకు వచ్చినది. 1369 నాటి కూలివాని కది తెలియదు. వాని కారము మిరియాలదే, అదియు కొనగలిగిన నాడు. వేరుసెనగయు అట్టిదే. నేడు ఈ మెట్టపొలములలో నదియే పైరు గావున పూర్వమును అదియే యుండెనని తోచుట సహజము. కాని అదియును అమెరికానుండి వచ్చినదే. కొఱ్ఱ, జొన్న, రాగి యనిన తప్పు రాదు. ఒక్క మిరపకాయ చేత కథ యంతయు నమ్మరానిదగునా యని కొందఱు నవ్వవచ్చును. కూటియందే పొరబడినవాడు ఆకలిని గూర్చి చెప్పిన మాటను నేనెట్లు నమ్ముదును?

కావ్యము, శాసనము రెండును విడిచిన సాక్ష్యమొకటి కలదు: పలుకుబడి. తూము, మరువ, కట్ట, నీరుగంటి అను మాటలలో చెఱువు నీటిని పంచుకొన్న బ్రదుకు నిలిచియున్నది. తాడిమర్రి, బత్తలపల్లి, ముదిగుబ్బ పాఠశాలల పండితులు ఊరి వృద్ధులను కూర్చుండబెట్టి, ఏ మాట ఏ పనికి చెల్లినదో, ఎవరి నోట విన్నదో గుర్తించి వ్రాసికొన్నచో, ‘శుకసప్తతి’లో నర్థము కాక మనము దాటిపోవుచున్న పద్యములు కొన్నియైనను తేటపడును.