రోగరక్షణ చికిత్స: వ్యాసములు మరచిన కన్ను

క్యాన్సరుకు చేయు ఇమ్యునోథెరపీని, అనగా రోగరక్షణ చికిత్సను గూర్చి తెలుగులో వచ్చుచున్న వ్యాసములలో ఒక మాట తరచుగా కనిపించును: ఇది శరీరపు స్వంత బలముతో పనిచేయును గనుక హాని తక్కువయని. అది సగము నిజము. పాత మందులవలె వెంట్రుకలు రాల్చదు, వాంతులు తక్కువ. మిగిలిన సగము వ్రాయకపోవుట వలన ఒకరి చూపే పోవచ్చును.

2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ బహుమానము తెచ్చిన పరిశోధనను మన రచయితలు చక్కగనే వివరించుచున్నారు. రక్తములోని టి కణములు అదుపు తప్పకుండ ప్రకృతి కొన్ని అడ్డుకట్టలు పెట్టినది. క్యాన్సరు వాటి చాటున దాగును. మందు వాటిని తొలగించును. కథ అక్కడ ముగించుటయే పొరపాటు. జూరాల కాలువ తూము ఎత్తినచో నీరు మన వరిమడికి మాత్రమే చేరునని వ్రాసిన గద్వాల రైతు నవ్వడా? పల్లమున నున్న పొరుగువాని పల్లిచేను కూడ తడియును. అట్లే టి కణములు చర్మము, పేగులు, థైరాయిడు గ్రంథి, అరుదుగా కంటి మీదికి పోవును. దీనిని ‘దుష్ఫలితము’ అనుట కూడ నాకంతగా నచ్చదు. ఇది మందులోని విషము కాదు. మందు చేయు పనియే, చోటు తప్పినది.

కంటి మధ్యపొరయగు యూవియా వాచుట నూటికి ఒకరికి కలుగునని అంచనా. తరచుగా మొదటి ఆరు నెలలలోనే. ఎరుపు, నొప్పి, వెలుతురు ఓర్వలేకపోవుట, మసక దాని గుర్తులు. వాపు వెనుక భాగమున నున్నచో కన్ను ఎర్రబడదు. చూపు మసకబారుట, నల్లని చుక్కలు తేలుట మాత్రమే ఉండును.

ఇక్కడనే ప్రమాదమున్నది. 2023 వానకాలమున రాష్ట్రమంతట కండ్లకలక వ్యాపించినది. ఎర్రని కన్ననగా కలకయే యని, దుకాణములో చుక్కలమందు కొనుట ప్రజలకు అలవాటు. కలకలో పుసులు కట్టును, చూపు సాధారణముగా చెడదు. యూవియా వాపులో పుసి ఉండదు, చూపు చెడును. సూక్ష్మజీవులను చంపు చుక్కలు దీనికి పనికిరావు. 2018లో మొదలైన ‘కంటి వెలుగు’ శిబిరములు ఎందరికో మేలు చేసినవి. కాని అవి కండ్లద్దములకు, శుక్లములకు ఉద్దేశించినవి.

ఇది ధనికుల మందు, మనకేల యనరాదు. 2022లో వెలువడిన పరిశోధనలో ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు తల, మెడ క్యాన్సరులో పాత మాత్రలతో పాటు మూడు వారములకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చి చూచిరి. వాడుక మోతాదులో ఇది పదవ వంతు కూడ కాదు. ఏడాదికి బ్రతికియున్నవారు నూటికి 16 నుండి 43కు పెరిగిరి. పొగాకు వాడుక గల మన పల్లెలకు ఈ మందు నేడో రేపో వచ్చునదే. హైదరాబాదులో సూది వేయించుకొని అచ్చంపేట బస్సెక్కినవానికి కన్ను ఎర్రబడునది ఇంటి వద్దనే గదా!

చాలమందికి స్టెరాయిడు చుక్కలతోనే తగ్గును. తీవ్రమైనచో మాత్రలు కావలెను, క్యాన్సరు మందు కొంతకాలము ఆపవలసివచ్చును. ఆ నిర్ణయము ఇద్దరు వైద్యులు కలిసి చేయవలసినది. స్వయముగా స్టెరాయిడు వేసికొనరాదు. సూక్ష్మజీవుల వలన వచ్చిన ఎరుపైనచో కన్ను మరింత చెడును. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. అక్కడి కంటి వైద్యునికి మొదట చూపవలసినది కన్ను కాదు, క్యాన్సరు మందు పేరున్న చీటీ.