పాదం కనబడాలి

తెర మీద ఒక బొమ్మ పరిగెడుతూ ఉంటుంది. మనం మీట వదిలేస్తాం. ఎక్కువ గేముల్లో అది ఉన్నచోటే ఠక్కున ఆగిపోతుంది. ఒంట్లో బరువున్న మనిషి అలా ఆగలేడు. ఒక అడుగు ముందుకు జారుతుంది, మడమ నేలను పట్టుకుంటుంది, నడుము వెనక్కి వాలుతుంది, అప్పుడుగానీ నిలబడడు. ఆ ఒక్క అడుగు జారుడు గీయడానికి ఏళ్లు ధారపోసిన మనుషులున్నారు. అరకులో పిల్లలకు కదిలే బొమ్మలు నేర్పుతున్న నాకు వాళ్లంటే గురుభావం. వాళ్లలో ఒకరు ఫ్రాన్స్‌కు చెందిన ఎరిక్ షాహీ. ఆయన బృందం ఆరేళ్లు కష్టపడి 1998లో విడుదల చేసిన ఆట ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’.

ఈ తరహా ఆటలను సినిమాటిక్ ప్లాట్‌ఫార్మర్లు అంటారు. కథానాయకుణ్ణి పక్కనుంచి చూస్తాం. అతను గోడలెక్కుతాడు, గోతులు దాటుతాడు, పట్టు తప్పితే పడి చస్తాడు. తొంభైల్లో విశాఖపట్నంలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లలో ఇలాంటి ఆట ఒక్కటైనా ఆడనివాళ్లు అరుదు. పాఠం అయ్యాక మేష్టారు అటు వెళ్లగానే తెరిచేది ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’నే. దాన్ని తయారుచేసిన అమెరికన్ జోర్డాన్ మెక్‌నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేయించి, ఒక కార్ల పార్కింగ్ స్థలంలో పరిగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ వీడియోను టీవీలో ఆపి ఆపి ఫొటోలు తీశాడు. ప్రింట్ల మీద మనిషి ఆకారం తేటగా తేలేలా నల్ల మార్కరుతో, తెల్ల రంగుతో దిద్దాడు. తర్వాత జిరాక్సు తీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ తలపడే ఘట్టం ఆధారం. ఆట 1989లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆడినా ఆ కుర్రాడు అంచు పట్టుకుని వేలాడుతుంటే మన వేళ్లు బిగుసుకుంటాయి.

నిజమైన కదలికను చిత్రీకరించి దాని మీద గీయడాన్ని రోటోస్కోపింగ్ అంటారు. మాక్స్ ఫ్లైషర్ 1915లోనే దానికి పరికరం కనిపెట్టాడు. అది దొంగదారి అని చిన్నచూపు చూసే చిత్రకారులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. వచ్చిన ప్రతి ఫ్రేమునూ అలాగే దించేస్తే బొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. ఏ ఫ్రేము ఉంచాలి, ఏది తీసేయాలి, ఏ భంగిమను కొంచెం సాగదీయాలి అన్నది గీసేవాడి కన్ను తేల్చాలి. పని అంతా ఆ ఎంపికలోనే ఉంది.

షాహీ తన అంతకుముందటి ఆట ‘అనదర్ వరల్డ్’ను దాదాపు ఒంటరిగా, రెండేళ్లలో పూర్తిచేశాడు. సంగీతం ఒక్కటి జాన్ ఫ్రాన్స్వా ఫ్రెటాస్ ఇచ్చాడు. మిగతా ప్రోగ్రామ్, బొమ్మలు, కథ, ఆఖరికి పెట్టె మీది చిత్రం కూడా షాహీవే. అమీగా కంప్యూటర్‌కు చుక్కచుక్కగా గీసిన పెద్ద బొమ్మలను వేగంగా కదిలించే శక్తి లేదు. అందుకని కోణాలున్న రంగు ముక్కలను కలిపి మనిషిని చేశాడు. వాడినవి పదహారు రంగులు. తనను తానే వీడియో తీసుకుని, ఆ చిత్రాన్ని తెర మీద నిలిపి ఆ ముక్కలను పేర్చాడు. కథ మొత్తం ముందే రాసుకోలేదు. మొదటి దృశ్యం నుంచి వరసగా కల్పించుకుంటూ పోయాడు. 1991లో డెల్ఫీన్ సాఫ్ట్‌వేర్ దాన్ని విడుదల చేసింది.

ఆయన పట్టుదల తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో ప్రచురించిన ఇంటర్‌ప్లే సంస్థ ప్రారంభ సంగీతం మార్చేద్దామంది. పాత సంగీతమే ఉంచండని రాసిన కాగితం రెండు కొసలూ అతికించి షాహీ ఫ్యాక్స్ మెషీన్‌లో తిప్పాడు. అవతల కాగితం వస్తూనే ఉంది. చివరికి ఆ సంగీతమే నిలిచింది.

అలాంటి మనిషికి జట్టు, డబ్బు, పేరు అన్నీ సమకూరాయి. 1992లో మిత్రులతో అమేజింగ్ స్టూడియో పెట్టి ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ మొదలుపెట్టాడు. చీకటంటే హడలిపోయే పిల్లవాడు ఆండీ. సూర్యగ్రహణం వేళ అతని కుక్క విస్కీ మాయమవుతుంది. తాను చేసుకున్న ఎగిరే యంత్రమెక్కి, నీడలు ప్రాణం పోసుకుని తిరిగే లోకానికి దాన్ని వెతుక్కుంటూ పోతాడు. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అరకు వచ్చే పిల్లలకు ఈ కథ ఒక్క ముక్కలో అర్థమవుతుంది. సొరంగం రాగానే బోగీ అంతా కేకలు పెట్టేది వాళ్లే కదా.

కష్టం కథలో రాలేదు. పని మొదలైనప్పుడు ఉన్న యంత్రాలు వేరు, పూర్తయ్యేసరికి ఉన్నవి వేరు. ఫ్లాపీలు పోయి సీడీలు వచ్చాయి. సెగా శాటర్న్ అనే గేమ్ యంత్రానికి అనుకున్న రూపం మధ్యలో ఆగిపోయింది. మొదట చేయి కలిపిన వర్జిన్ సంస్థ పక్కకు తప్పుకుంది. చివరకు యూరప్‌లో ఇన్ఫోగ్రామ్స్, అమెరికాలో ఇంటర్‌ప్లే విడుదల చేశాయి. హాలీవుడ్ స్వరకర్త బ్రూస్ బ్రాటన్‌తో నిండైన ఆర్కెస్ట్రా మీద సంగీతం రికార్డు చేయించారు. ఆటకు అంత సంగీతం ఆ రోజుల్లో అపురూపం. ఈలోగా 1996లో ‘టూంబ్ రైడర్’, ‘సూపర్ మారియో 64’ వచ్చి ఆటగాళ్లను త్రీడీ లోకానికి అలవాటు చేశాయి. రెండేళ్ల తర్వాత, పక్కనుంచి చూసే ఆండీ పీసీలోకి, ప్లేస్టేషన్‌లోకి వచ్చేసరికి చూపులన్నీ మరో దిక్కున ఉన్నాయి. బాగుందన్నవాళ్లు కూడా త్వరగా అయిపోయిందన్నారు. అలసిపోయిన షాహీ చాలాకాలం ఆటలకు దూరంగా ఉండి, 2011లో ‘ఫ్రమ్ డస్ట్’తో తిరిగొచ్చాడు.

ఈ చరిత్ర చెప్పి, హద్దులు లేకపోతే పని తెమలదని తీర్పు ఇవ్వడం తేలిక. అది కొంత నిజమే. నాకు అంతకంటే పెద్దగా కనిపించేది ఇంకోటి ఉంది. ఆ ఆటలో రెండు రకాల బొమ్మలున్నాయి. మధ్యమధ్యలో కథ చెప్పే త్రీడీ దృశ్యాలు ఒకటి. అప్పట్లో అందరూ నోరెళ్లబెట్టింది వాటిని చూసే. చేత్తో గీసిన ఆండీ రెండోది. ఇప్పుడు తీసి చూడండి. ఆ త్రీడీ ముఖాలు ప్లాస్టిక్ తొడుగుల్లా వెలిసిపోయాయి. చేత్తో గీసిన ఆండీ మాత్రం ఇవాళ గీసినంత తాజాగా ఉన్నాడు. రాతి అంచు మీదికి పాక్కుంటూ ఎక్కేటప్పుడు వాడి మోచేతులు, మోకాళ్లు, ఎగశ్వాస అన్నీ పిల్లవాడివే. ఏ యంత్రం మారినా పాతబడనిది ఒంటి బరువు ఒక్కటే.

అందుకే మా పిల్లలకు కంప్యూటర్ కంటే ముందు గాజుపలక ఇస్తాను. కింద ఎల్ఈడీ బల్బు, పైన పలచటి కాగితం. ఫోన్లో తీసిన వీడియోను ఆపి, ఆ ఫ్రేమును ప్రింటు తీసి, దాని మీద గీస్తారు. నీళ్లబిందె ఎత్తడం, గట్టు దిగడం, కాఫీ పళ్లు కోస్తూ కొమ్మ వంచడం వంటివి ముందు. వాటిలో చేయి తిరిగాక మా కొండల గిరిజన నృత్యం థింసా.

బొమ్మలు గీసేవాడికి థింసా కంటే మంచి గురువు ఈ కొండల్లో లేదని నా నమ్మకం. కారణాలు చెబుతాను. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా నిలబడతారు. అంటే చేతులు బందీలు. బరువు గీయడం రాని చిత్రకారుడు సాధారణంగా చేతులు ఊపించి తప్పించుకుంటాడు. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. నడుము, మోకాలు, పాదం తప్ప మరేమీ మాట్లాడవు. చీర మోకాళ్ల కిందికి, చీలమండలకు పైకి కడతారు గనక కాలి పనితనం తేటగా కనబడుతుంది. ఇంకోటి, ఆ గొలుసు వలయంగా తిరుగుతుంది. కెమెరాను ఒకచోట పాతి ఒక చుట్టు పూర్తయ్యేదాకా వదిలేస్తే, ఒకే అడుగును ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి చూపిస్తుంది. అంత శ్రమపడి తమ్ముణ్ణి పరిగెత్తించిన మెక్‌నర్‌కు కూడా అన్ని కోణాలూ ఒక్క చిత్రంలో దొరకలేదు.

అడుగులో రకాలు చూస్తే ఇంకా ఆశ్చర్యం. బోడ థింసా గ్రామదేవతకు మొక్కు. గొడ్డిబేట థింసాలో వంగి ముందుకు ఊగుతూ వెళ్లి, అలాగే వెనక్కొస్తారు. పోతర్‌తోల ఆకులు ఏరే పనిని అడుగులోకి తెస్తుంది. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. బాగ్ థింసాలో పులి ఉంది. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మీద ఒక్కోదానికి ఒక్కో బరువు.

ఒకసారి మా ఊరి పక్క ఒక పెద్దావిడ అడుగును ఒక అమ్మాయి పన్నెండు బొమ్మల్లో గీసింది. కాగితాలు వరసగా తిప్పి చూపిస్తే ఆవిడ శ్రద్ధగా చూసి, “కాలు గీసినావు గానీ మోకాలు మరిచినావమ్మా. దిగకుండా లేస్తానేటి నేను?” అంది. అమ్మాయి వీడియో మళ్లీ చూసింది. పాదం లేచే ముందు మోకాలు సన్నగా కుంగడం రెండు ఫ్రేముల్లో ఉంది. అందంగా లేవని ఆ రెండింటినీ వదిలేసింది. వాటిని చేర్చగానే బొమ్మకు ప్రాణమొచ్చింది. ఏ యానిమేషన్ కళాశాల పాఠానికీ తీసిపోని పాఠం అది. రెండు వాక్యాల్లో చెప్పేసి ఆవిడ పొలానికి వెళ్లిపోయింది.

తెలుగునాట ఈ పనికి చేతులు లేవని అనుకోకండి. ‘ఛోటా భీమ్’ను 2008 నుంచి దేశమంతటా తిప్పుతున్న గ్రీన్ గోల్డ్ హైదరాబాద్ సంస్థే. ఆ నగరంలోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం మన పురాణాల ఛాయతో ‘అసుర’ అనే ఆటను 2017లో తెచ్చింది. పుణేలో ‘రాజీ’ ఆటకు జనం నుంచి చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. జట్టులో ఒకరు సొంత ఫ్లాటు అమ్మి పని ఆగకుండా నిలబెట్టారు. 2020లో విడుదలైన ఆ ఆటను లోకం చూసింది. కష్టాలు షాహీ ఒక్కడివే కావు, పట్టుదలా ఒక్కడిది కాదు. కొండల పిల్ల కథానాయికగా, కొండల నడకతో ఒక ఆట రావడానికి అడ్డేమీ లేదు. అడుగులు మాత్రం ముందే సేకరించి ఉండాలి.

అక్కడే నా బాధ. థింసా వీడియోలు ఫోన్లలో కోకొల్లలు. ఎక్కువ వాటిలో పాదాలుండవు. రంగు దీపాల కింద ముఖాలకు దగ్గరగా తీస్తారు, లేదా పైనుంచి డ్రోన్ ఎగరేసి వలయం చూపిస్తారు, లేదా తీసేవాళ్లే గొలుసులో దూరి సెల్ఫీ తీసుకుంటారు. సంబరానికి అది చాలు. నేర్చుకునేవాడికి పనికిరాదు. అన్ని రకాల అడుగులూ తెలిసిన పెద్దవాళ్లు ఊరికి కొద్దిమందే మిగులుతున్నారు. వేదిక మీద పర్యాటకుల కోసం ఆడేది కుదించిన రూపం.

చైత్రంలో ఇటుకల పండుగకు మీ ఊళ్లో ఆట జరిగితే ఇలా తీయండి. ముందు అడగండి, ఒప్పుకుంటేనే తీయండి. పగటి వెలుగులో, ఫోన్‌ను స్టాండుకో రాయికో ఆనించి కదలకుండా పెట్టండి. తల నుంచి పాదం దాకా, పాదం కింద జానెడు నేలతో సహా కనబడాలి. పాట మధ్యలో ఆపొద్దు. అది ఏ థింసానో, ఏ ఊరిదో, ఆడినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లేమిటో రాసి పెట్టండి. ఆశ్రమ పాఠశాలల మేష్టర్లు పూనుకుంటే ఒక్క ఏడాదిలో మండలమంతా తేలుతుంది. పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), అరకు గిరిజన మ్యూజియం ఆ వీడియోలను ఒకచోట చేర్చి, ఆడినవాళ్ల అనుమతితో పిల్లలకు ఉచితంగా అందుబాటులో ఉంచాలని ఈ కాలమ్ ద్వారా కోరుతున్నాను.