పరీక్షనాళికలో పసుపు

పసుపు కొమ్ములోని కర్కుమిన్ ఆక్సీకరణమును అరికట్టుననియు, ఎంజైములను నిరోధించుననియు తెలుపు వ్యాసములకు కొదవలేదు. వీనిలో పెక్కింటికి ఆధారము ఒక రంగు మార్పు. ఊదారంగు డి.పి.పి.హెచ్. ద్రావణమున మొక్క సారమును కలుపగా రంగు వెలియును. ఎంత వెలిసినదో 517 నానోమీటర్ల వద్ద కొలుతురు. మన టీ డికాక్షను కూడ ఈ పరీక్షలో సునాయాసముగా నెగ్గును! అంతమాత్రమున అది మందు కాదుగదా.

ఎంజైము పరీక్షలో చిక్కు మరింత. కర్కుమిన్ స్వయముగా రంగుగలది. కొలతను తప్పుదారి పట్టింపగలదు. దాని అణువులు నీటిలో గుంపుకట్టి, ఎదురైన ఎంజైమునెల్ల పట్టుకొనవచ్చును. కొద్దిగా డిటర్జెంటు కలిపినంతనే నిరోధము మాయమైనచో అది ఆ గుంపుల పని యని అనుమానింపవలెను. ఈ సరిచూపు లేని వ్యాసమునకు ‘మధుమేహమునకు మందు’ అని శీర్షిక పెట్టినచో, దానిని నమ్మి మాత్రలు మానిన రోగికి ఎవరు జవాబుదారి?

2017లో కాథరిన్ నెల్సన్ మొదలగువారు ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’లో వ్రాసిన సమీక్ష ఈ లోపములను మొగమాటము లేక చూపినది. కర్కుమిన్ నీటిలో నిలువదు. రక్తమున చేరునది అత్యల్పము. అయితే వారు ప్రధానముగా పరిశీలించినది ఒక్క పదార్థమును. వంటింటి పసుపుపై అది తీర్పు కాదు.

మొక్కలలో ఎంజైము నిరోధకములు దొరకవని కాదు. స్నోడ్రాప్ మొక్కలోని గలాంటమిన్ ఎసిటైల్‌కోలినెస్టరేజును నిరోధించును. మనుష్యులపై పరీక్షలు నెగ్గిన పిదపనే 2001లో అమెరికాలో ఆల్జైమర్ వ్యాధికి మందుగా అనుమతి పొందినది.